ఈశాన్య మూల గుంత

మేం ఈ దేశానికి వలస వచ్చిన కొత్తలో, నా చిన్నప్పుడు, మా నాన్నకి సొంతిల్లంటే పిచ్చి. న్యూ లిన్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటూనే, హాబ్సన్‌విల్ దగ్గర ఉప్పునీటి పాయ ఒడ్డున స్థలం కొన్నాడు. కౌన్సిల్ ఇచ్చిన అనుమతిలో ఒక షరతు ఉండేది. ఆ నేల తరతరాలుగా ఇక్కడి మూలవాసులైన మావోరీల్లో ఏ తెగదో, ఆ తెగ మనిషి వచ్చి దగ్గరుంటేనే మట్టి తవ్వాలి. ఆ మనిషి సోమవారం వస్తానన్నారు. పంతులుగారు ఫోన్లో పెట్టిన శంకుస్థాపన ముహూర్తం మాత్రం శనివారం పొద్దున. మోకాలి లోతు పూజ గుంతకి చట్టంతో ఏం పని అనుకున్నాడు నాన్న. మావాళ్లెవరైనా అలాగే అనుకుంటారు.

అమ్మకి డ్యూటీ ఉండి నాన్నా నేనే వెళ్లాం. నాన్న ఈశాన్య మూలన పార వేశాడు. ముందు ఆల్చిప్పలు వచ్చాయి, తెల్లగా, గంపెడు. వాటి కింద చిన్న దవడ ఎముక, నా పళ్లలాంటి పళ్లతో.

“గొర్రె బొక్క బిడ్డా. ఎవ్వలికి చెప్పకు, మన ఇల్లు ఆగిపోతది” అన్నాడు నాన్న. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. గుంత పూడ్చాడు. నేనూ రెండు చేతులతో మట్టి తోశాను. దాని మీదే పసుపు కుంకుమ చల్లి కొబ్బరికాయ కొట్టాం.

ఆదివారమంతా నాకు అన్నం సయించలేదు. పళ్లు తోముకుంటూ అద్దంలో నా నోరు నేనే చూసుకోలేకపోయాను. నాన్న నా వైపు చూడలేదు.

సోమవారం బడికి సెలవులు, నన్నూ తీసుకెళ్లాడు. తెగ తరఫున వచ్చింది నెరిసిన జుట్టు ఆంటీ, కాళ్లకి రబ్బరు బూట్లు. కుంకుమనీ, దాని చుట్టూ తిరగబడ్డ మట్టిలో ఆల్చిప్ప ముక్కల్నీ వెంటనే కనిపెట్టింది. కుంకుమ ఎవరికని అడిగింది. తవ్వేముందు భూమిని క్షమించమని వేడుకుంటామని నాన్న చెప్పాడు. తామూ అడుగుతామంది. అడిగాక జవాబు కోసం ఆగుతామంది. మీకేమైనా వినిపించిందా అంది.

నాన్న చూపు కుంకుమ మీదికి దించుకున్నాడు. ఆవిడ రెట్టించలేదు. కారులోంచి నీళ్ల సీసా తెచ్చి, చనిపోయినవాళ్ల దగ్గర్నుంచి వెళ్లేముందు మేం చేతులు కడుక్కుంటాం, కావలసినవాళ్లు కడుక్కోండి అని మూత తీసి, సీసా వంచి, మొహం పాయ వైపు తిప్పుకుంది.

మా ఇళ్లలోనూ శ్మశానం నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడగందే గడప తొక్కరు. నేను వెళ్లి చేతులు చాపాను. ఏడుపు ఆగలేదు. కాసేపటికి నా చేతుల కింద నాన్న చేతులు వచ్చాయి.

“ఆడ ఒక పిల్ల ఉన్నది మేడమ్” అన్నాడు, ఆవిడకి తెలుగు రాదని మరిచిపోయి. ఆవిడకి తెలిసిపోయింది.

పని ఆగింది. పోలీసులు వచ్చారు, తర్వాత తెగ పెద్దలు వచ్చారు. ఆ నేలను కదపకూడదని పెద్దలు నిర్ణయించారు, కౌన్సిల్ సరేనంది. నాన్న ఎదురు చెప్పలేదు. మరో నాలుగేళ్లు ఆ ఫ్లాట్‌లోనే ఉన్నాం. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించేది. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి మాత్రం, “నువ్వు చెయ్యి చాపకుంటే నేను ఆ పిల్ల మీదనే ఇల్లు కట్టేసేటోణ్ని బిడ్డా” అన్నాడు.

ఆ పిల్లకి పదేళ్లుంటాయని ఆంటీ చెప్పింది. అప్పుడు నాకూ అంతే. నాన్న కోసమే నోరు మూసుకున్నానని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను కానీ, ఆ ఇంట్లో నాకొక గది వస్తుందన్న ఆశ కూడా ఉండింది. ఇప్పుడు నాకు ముప్పై దాటాయి, పిల్లల తల్లిని. ఆమెకి మాత్రం ఇంకా పదే.