కడుక్కొచ్చిన కాళ్ళు

ఆమెను అందరూ వార్డత్త అనేవాళ్ళు. పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకు ఆయాగా చేసి రిటైరైంది. పని మానేసినా గొంతు మాత్రం వార్డులోనే ఉండిపోయింది. ఇంటికొచ్చిన చుట్టంతో "కూర్చో" అన్నా, మంచం మీద రోగిని పక్కకు తిరగమన్నట్టే ఉండేది. లేవలేని మనుషులకు ఒళ్ళు తుడిచి, పక్కబట్టలు మార్చి, ఏ వాసనకూ ముక్కు మూసుకోకుండా బతికిన మనిషి.

ప్రతి శుక్రవారం సాయంత్రం వాళ్ళ ముందుగదిలో ప్రార్థన కూడిక జరిగేది. పక్కింటివాణ్ణి కాబట్టి నా కుర్చీలు అక్కడికి వెళ్ళేవి, వాటి వెంట నేనూ. వాక్యం ఆమే చెప్పేది. యేసు శిష్యుల పాదాలు కడిగిన భాగమంటే ఆమెకు ప్రాణం. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి అక్కడికే చేరేది. "ప్రభువే తువ్వాలు కట్టుకుని వంగాడు. మన నడుములకేం వచ్చింది?" అని మా వంక చూసేది. మేము తలలు వంచుకునేవాళ్ళం. నడుములు మాత్రం అలాగే ఉండేవి.

ఏడాదికొకసారి చర్చిలో పాస్టరుగారు కొందరిని కుర్చీల్లో కూర్చోబెట్టి కాళ్ళు కడుగుతారు. తమను పిలుస్తారని తెలిసినవాళ్ళు ముందురోజే మడమలు రాయితో తోముకుని, గోళ్ళు తీసుకుని, కొందరైతే పౌడరు కూడా అద్దుకుని వచ్చేవాళ్ళు. అందరి కాళ్ళూ అయ్యాక కూడా బేసినులో నీళ్ళు ముఖం చూసుకునేంత తేటగా ఉండేవి. ఆ బేసిను పట్టుకుని పాస్టరుగారి వెనక నడిచేది వార్డత్తే. "కడుక్కొచ్చిన కాళ్ళు కడగడానికి పాస్టరుగారెందుకు? వానొస్తే చాలదూ?" అని అందరి ముందే అనేసేది. నువ్వూ ఒకసారి కూర్చో అంటే, "బేసిను ఎవరు పట్టుకుంటారు?" అనేది. అది వినయమనే మేమంతా అనుకున్నాం.

కొడుకు బస్సు డ్రైవరు, ఇంట్లో ఉండేది తక్కువ. కోడలు లాండ్రీలో పనిచేసేది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఈ ఇంట్లో ఇద్దరూ ఉన్నారు, పోట్లాట మాత్రం లేదు. ఉన్నదల్లా మర్యాద. మర్యాదతో చిక్కేమిటంటే దాని చాటున ఏదైనా దాచుకోవచ్చు. కూడిక జరిగేటప్పుడు కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి వినేది. ఆమె నోరు విప్పగా మేమెవరమూ చూడలేదు.

వార్డత్తకు షుగరు ఉంది. ఒకసారి చెప్పు కరిచి బొటనవేలి పక్కన పుండు పడింది. ఎవరికీ చెప్పకుండా ఇంట్లో కూడా సాక్సు వేసుకోవడం మొదలుపెట్టింది. అదేమిటంటే చలి అంది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఉతకడానికి పడేసిన సాక్సుకు అంటిన మరక చూసి, కోడలు ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

రోజూ రెండు పూటలా పుండు కడిగి కట్టు మార్చాలని, అశ్రద్ధ చేస్తే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. "మీకు మోకాళ్ళు వంగవు. ఇంట్లో ఎవరైనా చెయ్యాలి" అన్నాడు.

"నేను చేస్తాను" అంది కోడలు.

"అక్కర్లేదమ్మా. ఇలాంటివి ఎన్ని చూడలేదు నేను!" అంది వార్డత్త.

చూసిన మాట నిజమే. కానీ చూడటం వేరు, వంగడం వేరు. ఆమె బాత్రూము తలుపుకు గడియ పెట్టుకుని, పైనుంచి మగ్గుతో నీళ్ళు గుమ్మరించుకుని, కుర్చీ మీద కాలు పెట్టి పాత కట్టు మీదే కొత్త గుడ్డ చుట్టుకుని వచ్చేది. కోడలు చూపించమంటే పైన తెల్లగా ఉన్న ఆ గుడ్డ చూపించేది. గురివిందకు తన కింద నలుపు తెలియదంటారు. ఈమెకు తెలుసు, ఇంకొకరికి చూపించడమే ఇష్టం లేదు.

ఆ శుక్రవారానికి పాదం వాచి సాక్సు బిగుసుకుపోయింది. వరసగా చదువుకుంటూ వస్తున్న యోహాను సువార్తలో ఆ రోజు సరిగ్గా ఆ భాగమే వచ్చింది. వార్డత్త అలవాటుగా తువ్వాలు దగ్గర గొంతు పెంచింది. తర్వాత శిష్యుల్లో ఒకడైన పేతురు వంతు వచ్చింది. ప్రభువా, నువ్వు నా కాళ్ళు కడగడమేమిటి, ఎప్పటికీ వీల్లేదు అని అతను మొండికేసే చోటు. ఆమె దాన్ని ఎప్పుడూ ఒక్క ముక్కలో దాటేసేది. ఇప్పుడూ "పాపం, పేతురుకి గౌరవం ఎక్కువ" అని ముందుకు పోబోయింది.

"పేతురు కూడా సాక్సు వేసుకునే కూర్చున్నాడా అత్తయ్యా?"

మాట వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. కోడలి కళ్ళు నిండి ఉన్నాయి.

"అందరి ముందూ అనకూడదు, నాకు తెలుసు. వేలు పోతుందన్నారు అత్తయ్యా. మీరేమో గడియ పెట్టుకుంటున్నారు. ఊళ్ళోవాళ్ళందరికీ కడిగారే, మీకు కడగడానికి నేను పనికిరానా?"

వార్డత్త బైబిల్లోకి చూసింది. తర్వాతి మాట ఆమెకు కంఠతా వచ్చు. నేను కడగకపోతే నాతో నీకు సంబంధమే లేదని ప్రభువు పేతురుతో అన్న మాట. అదీ చదవలేకపోయింది, అది విని కాళ్ళే కాదు, చేతులూ తలా కూడా కడగమని పేతురు అడిగే చోటికీ వెళ్ళలేకపోయింది. "ప్రార్థన చేసుకుందాం" అంది. ఆ ప్రార్థన కూడా వేరే ఎవరో చెయ్యాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే కుర్చీలు తెచ్చుకుందామని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. నా కుర్చీల్లో ఒకదాంట్లో వార్డత్త కూర్చుని ఉంది. కోడలు నేల మీద కూర్చుని బేసిను ముందుకు లాక్కుంది. ఇద్దరూ నన్ను చూడలేదు. కట్టు పొరలు పొరలుగా ఊడుతుంటే వాసన గుమ్మం దాకా వచ్చింది. నేను ముక్కు మూసుకున్నాను. కోడలు మూసుకోలేదు.

"ముందే కాస్త కడుక్కుని కూర్చోవాల్సింది" అంది వార్డత్త.

"కడుక్కొచ్చిన కాళ్ళకి నేనెందుకు?" అంది కోడలు.

వార్డత్త ఏడ్చింది. నొప్పికి కాదు. నీళ్ళు మురికై బేసిను అడుగు కనబడలేదు. కోడలు వాటిని పారబోసి మళ్ళీ తెచ్చింది, మళ్ళీ కడిగింది.

వేలు దక్కింది. కాస్త వంకరపోయింది గానీ దక్కింది. అది తర్వాతి సంగతి. ఆ పొద్దున కోడలు కొత్త కట్టు కట్టి లేవబోతుంటే, వార్డత్త రెండో కాలి సాక్సు కూడా లాగేసి, ఆ కాలు బేసినులో పెట్టింది.

"దీనికేం కాలేదు కదా అత్తయ్యా!"

"కాకపోతేనేం, కడుగు."