దాపటి ఎద్దు

మూడు రోజులు బాపు నావైపు మొహం తిప్పలేదు. అది పంతొమ్మిది వందల ఎనభై అయిదో, ఆరో. కరీంనగర్ దవాఖానలో ఆయన మంచానికి ఎడమ పక్క స్టూలు మీద నేను, కుడి పక్క కుర్చీలో అన్న. కిటికీ గాలి అటే వస్తుంది కాబట్టి అన్న అటే కూర్చుంటాడు, చిన్నప్పటి నుంచీ అంతే. పక్షవాతంతో బాపుకు ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట మాత్రం పోలేదు. ఆ మాట నాతో ఆడలేదు.

నాకేం ఆశ్చర్యం వేయలేదు. రెండేళ్ల కింద ఒక పెళ్లిలో నలుగురి ముందు ఆయన్ని ఎదిరించి, "మళ్ల నీ గడప తొక్క" అని నేనుండే ఇచ్చోడకు బస్సెక్కిన దాన్ని. మొహం తిప్పుకుంటే తిప్పుకోనీ అనుకున్నాను. ఏడుపు రాలేదు. కోపం కూడా సరిగ్గా రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

నేను వింటుండగానే అన్నను అడిగేవాడు, "నీ చెల్లె రాలేదార?" అని. నన్ను ఎత్తిపొడుస్తున్నాడనుకున్నాను.

"గీన్నే ఉన్నది బాపూ, నీ పక్కకే" అనేవాడు అన్న. బాపు ఇటు తిరగకుండా ఇంకా కుడికి, కిటికీ వైపు చూసేవాడు. ఎంత పంతమో అనుకున్నాను.

మూడో రోజు పళ్లెంలో కుడి సగం అన్నం తిని, ఎడమ సగం ముట్టకుండా, "గింతేనా? ఆకలైతుంది" అన్నాడు. పళ్లెం తిప్పిపెట్టాను. మిగిలిందీ తిన్నాడు. డాక్టరమ్మ అది చూసి, "ఎడమ వైపు అనేది ఒకటుందని ఆయన మెదడుకు తెలియడం లేదమ్మా. కళ్లకేం కాలేదు" అంది.

నేను నమ్మలేదు. జమ్మికుంటకు పత్తి బండి తోలిన మనిషి ఆయన. జోడెడ్లలో ఎడమ పక్క కట్టేది దాపటిది, కుడి పక్కది వలపటిది. అన్నతో అడిగించాను.

"బాపూ, మన దాపటి ఎద్దు ఏం రంగే?"

బాపు అన్న మొహంలోకి చూశాడు. "దాపటేందిరా? మనది ఒంటెద్దు బండి గాదా?"

దాపటి అన్న మాట ఆయన బడిలో నేర్చుకున్నది కాదు. ముప్పై ఏళ్లు ఎడమ చేతిని గుంజిన పగ్గం నేర్పింది. చెయ్యి పోతే దాంతోపాటే ఆ మాటా పోయింది, ఆ పక్కనున్న ఎద్దూ పోయింది. నేను కూర్చున్నదీ ఆ పక్కనే.

అన్నను లేవమని కుడి పక్క కుర్చీలో కూర్చున్నాను. బాపు నన్ను చూశాడు. కుడి చెయ్యి చాపి నా మోచెయ్యి తడిమాడు.

"ఎప్పుడచ్చినవ్ బిడ్డా? ఇగ రావనుకున్న."

"ఇప్పుడే అచ్చిన బాపూ" అన్నాను.