హైమక్క పక్క సీటు

నిన్న సాయంత్రం, డాలస్ పక్కనే ఉన్న మా కాపెల్‌లో పిల్లల సాకర్ గ్రౌండ్ పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎండ ఇంకా దిగలేదు. చుట్టూ సన్‌స్క్రీన్ వాసన. అంతలో వెనక ఎవరో డబ్బా మూత తీశారు. గుప్పున ఇంగువ, దాని వెంటే చింతపండు పులుపు. తిరిగి చూడకుండానే పులిహోర అని తెలిసిపోయింది. సన్‌స్క్రీనూ ఇంగువా కలిసి ముక్కుకు తగిలితే నాకు ఒక్క మనిషే గుర్తొస్తుంది, హైమక్క. మీకెవరికీ ఆవిడ తెలిసే అవకాశం లేదు. పేరున్న మనిషేం కాదు. డాలస్‌లో నా మొదటి ఉద్యోగంలో నా టీమ్ లీడ్, అంతే. కానీ ఆవిడ పక్కన కూర్చుని క్రికెట్ చూసిన ఆ ఒక్క వేసవి లేకపోయుంటే నాతో కాపురం చెయ్యడం, నా కింద పని చెయ్యడం రెండూ ఇంకాస్త కష్టమయ్యేవని మావారే అంటుంటారు.

హైమక్కది గుంటూరు, నాది కరీంనగర్. ఇద్దరికీ కోపం ముక్కు మీదే. నేను చేరిన మొదటి వారంలోనే, నేను రాసిన కోడ్ స్క్రీన్ మీద పెట్టి, టీమ్ మొత్తం వింటుండగా, "ఇది ఎవరు రాశారమ్మా, నిద్రలో రాశారా?" అంది. రెస్ట్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. బాధతో కాదు, ఒళ్లుమంటతో. సాయంత్రం చూస్తే నా డెస్క్ మీద గారెల డబ్బా ఉంది. "తిను, చల్లారిపోతాయి" అని నా మొహం చూడకుండా వెళ్లిపోయింది. అదీ ఆవిడ క్షమాపణ. మన ఇళ్లలో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు సారీ చెప్పడం ఎక్కడైనా చూశారా? అన్నం తిన్నావా అంటారు, ఇంకో గారె వేస్తారు, మనమే అర్థం చేసుకోవాలి. మనం చేసుకుంటాం కూడా. వాళ్లబ్బాయి నిఖిల్ మాత్రం ఇక్కడే పుట్టి పెరిగినవాడు. మాట అంటే వాడికి మాటే, గారె అంటే గారే.

హైమక్క భర్త మధుగారు గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. ఆయన సంవత్సరీకం నాడు నేనూ వాళ్లింట్లోనే ఉన్నాను. కార్యక్రమం అయ్యి అందరూ భోజనాలు చేస్తున్నారు. ఆ మాటా ఈ మాటా మధ్య, నిఖిల్ ఇంజనీరింగ్ చదువు మధ్యలో వదిలేశాడనీ, ఒక బేస్‌బాల్ స్టేడియంలో గడ్డి చూసుకునే పనిలో చేరాడనీ బయటపడింది. హైమక్కకు కూడా అప్పుడే తెలిసింది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "మీ నాన్న బతికుంటే నిన్ను చూసి సిగ్గుతో తలదించుకునేవారురా" అనేసింది. ఇల్లంతా చుట్టాలు, స్నేహితులు, పురోహితుడు. ఆ మాటకు అందరి చేతులూ ఆగిపోయాయి. నిఖిల్ ప్లేటు బల్ల మీద పెట్టి, చెయ్యి కడుక్కుని, వెళ్లిపోయాడు. అరగంట దూరంలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు కానీ మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు, మెసేజ్ పెడితే మాత్రం 'బిజీ అమ్మా' అని జవాబొచ్చేది.

ఆ తర్వాతి వేసవిలో మా వైపుకు పెద్ద క్రికెట్ లీగ్ వచ్చింది. టీవీలో చూసిన ఆటగాళ్లు మా ఇళ్లకు కారు దూరంలో ఆడబోతున్నారు. హైమక్క అన్ని మ్యాచ్‌లకూ రెండేసి టికెట్లు కొనేసింది. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆవిడకు క్రికెట్ రాదు. తండ్రీ కొడుకులు హాల్లో టీవీ ముందు గొంతులు చించుకుంటుంటే ఆవిడ వంటింట్లో బజ్జీలు వేస్తూ ఉండేదట. "అరుపు వినపడితే ఇంకో వాయి వెయ్యాలని మాత్రం తెలుసు" అనేది. ప్రతి మ్యాచ్‌కీ ముందు నిఖిల్‌కి టికెట్ ఫొటో పంపేది, కింద ఒక్క ముక్క కూడా రాయకుండా. వాడు పని ఉందని జవాబిచ్చేవాడు. అప్పుడు నాకు ఫోన్.

"స్వప్నా, టికెట్ వేస్ట్ అయిపోతోంది, వచ్చెయ్యి. వాడొస్తే మాత్రం లేవాలి నువ్వు."

"లేస్తనక్కా, నాదేం పోతది!"

మొదటి మ్యాచ్‌కే మా పరువు పోయింది. స్టేడియంకి వెళ్లడమంటే ఆవిడ లెక్కలో దూరప్రయాణం. పెద్ద స్టీల్ గిన్నె నిండా పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, మజ్జిగ, అన్నీ ఒక గుడ్డసంచిలో సర్దుకొచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు లోపలికి బయటి తిండి పనికిరాదన్నాడు. సంచి లోపల ఏముందో బయటికి కనపడే ప్లాస్టిక్ బ్యాగ్ అయితేనే రానిస్తారట. ఆవిడ ఆ గిన్నె మూత తీసి, "చూడు, కనపడుతోందిగా!" అంది. నేను తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆకాశం వైపు చూశాను. పారెయ్యడానికి ఆవిడ ఒప్పుకోలేదు. మళ్లీ పార్కింగ్ దాకా నడిచి, మండే ఎండలో కారు డిక్కీ తెరిచి, దారినపోయేవాళ్లనల్లా పిలిచి వడ్డించింది. అవతలి టీమ్ జెర్సీ వేసుకున్నవాళ్లు కూడా ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ఒకాయన మూడోసారి పెట్టించుకుంటూ, "ఆంటీ, ఇక మీ టీమ్‌కే సపోర్ట్ చేస్తామాంటీ" అన్నాడు. ఒక చిన్న డబ్బా మాత్రం ఎవరికీ పెట్టకుండా పక్కకు తీసి కారులో దాచింది. ఎవరి కోసమని నేను అడగలేదు. గిన్నె కడిగినంత ఖాళీ అయ్యి మేం లోపలికి వెళ్లేసరికి రెండు వికెట్లు పడిపోయాయి.

ఆటలో ఆవిడకు మొదట వచ్చిన నియమం ఒకటే, అదీ మధుగారిది. మనవాళ్లు ఇద్దరు బాగా ఆడుతున్నంతసేపూ ఎవరూ కూర్చున్న చోటి నుంచి కదలకూడదు. కదిలితే వికెట్ పడుతుంది. ఆఫీసులో ప్రతిదానికీ రుజువు చూపించమనే మనిషి, ఇక్కడ నేను బాత్రూమ్‌కి లేవబోతే మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టేది. మా వెనక వరసల్లో ఉన్న తెలుగువాళ్లదీ అదే మతం. "కరెక్ట్ ఆంటీ, ఎవర్నీ లేవనియ్యకండి!" అని వంతపాడేవాళ్లు. నెమ్మదిగా ఆట కూడా వంటబట్టింది. అయినా బౌండరీ కొట్టినప్పుడల్లా ముందు మెట్ల వైపు చూసి, ఆ తర్వాతే చప్పట్లు కొట్టేది. అది చూసి చూసి ఒకరోజు నాకు ఒళ్లు మండింది.

"అక్కా, ఒక్కసారి సారీ అని చెప్పరాదు?"

"నేనా? వాడికా? తల్లినే నేను. టికెట్లు పంపుతున్నా కదా!"

"టికెట్ పంపితే టికెట్ అనే అనుకుంటడు వాడు. ఇంకోటి అనుకోడు."

ఆవిడ మొహం గంటు పెట్టుకుంది. ఇక ఈ వేసవికి నా టికెట్ చిరిగిందనుకున్నాను. కానీ మైదానం వైపే చూస్తూ, "మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేదే. మా అమ్మ నాకు చెప్పలేదు. ఎలా చెప్పాలో కూడా తెలీదు నాకు" అంది. ఆ గొంతు ఆఫీసులో ఎప్పుడూ వినలేదు నేను. నాకు జాలేసింది, నా నోటి మీద కోపమూ వచ్చింది. ఇంక ఆ సంగతి ఎత్తలేదు.

చివరి మ్యాచ్ వచ్చింది. దానికీ ఫొటో పంపిందట, దానికి మాత్రం అసలు జవాబే రాలేదు. స్టేడియం కిటకిటలాడుతోంది. మా జట్టు గెలుపుకు దగ్గర్లో ఉంది, ఇద్దరు కుర్రాళ్లు అద్భుతంగా నిలబడి ఆడుతున్నారు, మా వరసలో ఊపిరి కూడా ఎవరూ గట్టిగా తీసుకోవడం లేదు. అప్పుడు చూశాను. మెట్ల మీద నిఖిల్, వేరే టికెట్ కొనుక్కుని వచ్చాడట. పని నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, బూట్లకు ఎర్రమట్టి, తల మీద టోపీ. మా వరస చివర దాకా వచ్చి ఆగిపోయాడు. లోపలికి రావాలంటే అందరూ లేవాలి. వాడూ తండ్రి శిక్షణలో పెరిగినవాడే కదా, వికెట్ పడేదాకా ఆగుదామని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను లేవబోయాను. హైమక్క అలవాటుగా నా మణికట్టు పట్టుకుంది.

"కదలకు!"

"అక్కా, నిఖిల్."

చెయ్యి వదిలేసింది. తల తిప్పి చూసింది. అంతే, లేచి నిలబడింది. వెనక నుంచి "ఆంటీ, కూర్చోండి! ఇప్పుడు లేవొద్దాంటీ!" అని గగ్గోలు. ఆవిడకు వినపడలేదో, వినదలుచుకోలేదో. మోకాళ్లు తగులుతున్నా, కాళ్లు తొక్కుతున్నా, వరసంతా దాటుకుంటూ వెళ్లి మెట్ల మీద కొడుకు ఎదురుగా నిలబడింది. తిన్నావా అని అడుగుతుందనుకున్నాను.

"తప్పు నాదిరా. ఆ రోజు నేనా మాట అనకూడదు. మీ నాన్న ఉంటే నన్నే తిట్టేవారు, నిన్ను కాదు. సారీ నాన్నా" అంది. నెమ్మదిగా కాదు. ఆఫీసు మీటింగ్‌లో మాట్లాడే గొంతుతో, నాలుగు వరసలకూ వినపడేలా. సరిగ్గా అప్పుడే స్టంపులు ఎగిరిపోయాయి. స్టేడియం అంతా ఉసూరుమంది.

నిఖిల్ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తన అమెరికా యాసలో, "అమ్మా, వికెట్ పోయింది" అన్నాడు.

"పోతే పోయిందిలేరా!"

"ఆంటీ, మీ వల్లే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "అవును, నా వల్లే!" అని వెనక్కి తిరిగి నవ్వింది. నేను లేచి వాడికి సీటిచ్చి, మెట్ల పక్కన కమ్మీకి ఆనుకుని మిగతా ఆట చూశాను. చూశానన్న మాటే గానీ నేను చూసింది వాళ్లిద్దరినే. వాడు మైదానం వైపు వేలు చూపిస్తూ ఏదో చెప్తున్నాడు, ఆవిడ తల ఊపుతోంది. ఆ రోజు మేం ఓడిపోయాం.

సోమవారం ఆఫీసులో ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు, నా కోడ్‌లో తప్పులు పట్టింది. నేను వేరే కంపెనీకి మారిన రోజున మాత్రం, లంచ్ దగ్గర ఉండబట్టలేక అడిగాను. "అంతమందిలో చెప్పినవేందక్కా? ఇంటికి తీస్కపోయి నెమ్మదిగా చెప్తే పోయేది కదా?"

ఆవిడ నన్ను ఒక వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "అన్నది అందరి ముందు కదే. తప్పైందని చాటుగా చెప్తే, వాడి పరువు ఎవరిస్తారు?"

ఇప్పుడు నేనూ ఒక టీమ్‌కి లీడ్‌ని. నా నోరు ఏం మారలేదు, మీటింగ్‌లో ఎవరినో ఒకరిని అనకుండా ఉండలేను. తర్వాత విడిగా పిలిచి నచ్చజెప్పడం చాలా తేలిక, చేతులు దులుపుకోవచ్చు. కానీ అలా చెయ్యబోయిన ప్రతిసారీ హైమక్క అడ్డం పడుతుంది. మర్నాడు అందరూ కాల్‌లోకి వచ్చేదాకా ఆగుతాను. కెమెరా ఆన్ చేస్తాను. వాళ్ల పేరు పెట్టి పిలిచి, "నిన్న నేనన్నది తప్పు" అంటాను.