బతికున్నవాళ్ళ ఆత్మశాంతి పూజ

సాయంత్రం పూజలో ఫాదర్ లియోనిదాస్ చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతున్నారు. ఒక్కో పేరు చదవగానే "ప్రభువా, మా మనవి ఆలకించండి" అని మేమందరం అంటాం. అలవాటైన నోళ్ళు కదా, బుర్ర ఎక్కడున్నా నోరు తన పని తాను చేసుకుపోతుంది. నా బుర్ర ఆ వేళ పొయ్యి మీద వదిలేసి వచ్చిన బోయోల దగ్గర, అదే మొక్కజొన్న పిండి ఉండల దగ్గర ఉంది. మాడితే రేపు అమ్ముకోవడానికేం ఉండదు. "నికానోర్ చర్రిస్ ఆత్మశాంతి కొరకు," అన్నారు ఫాదర్. అందరితో పాటు నేనూ బదులు పలికాను. పక్క బెంచీలో కూర్చున్న నికానోర్ కూడా పలికాడు.

పలికాక అర్థమైంది అతనికి.  చర్చిలో తలకాయలన్నీ మా వైపు తిరిగి, అంతే వేగంగా మళ్ళీ బలిపీఠం వైపు తిరిగాయి. ఫాదర్ మా ఊరికి కొత్త, పైగా చూపు తక్కువ. ఆయన మానాన ఆయన తర్వాతి పేరుకు వెళ్ళిపోయారు.

మా నది ఒడ్డు ఊళ్ళలో బెదిరించేవాడు ఉత్తరం రాయడు, ఫోను చెయ్యడు. బతికున్న మనిషి పేరున ఆత్మశాంతి పూజ పెట్టిస్తాడు. ఎగువ ఊళ్ళో రేడియోలో మాట్లాడే ఒకాయనకు ఇలాగే పెట్టించారు. ఆయన నవ్వేశాడు. నెల తిరక్కుండా మోటారుసైకిలు మీద ఇద్దరు వచ్చారు. అంతకు మించి ఎవరూ చెప్పుకోరు, నేనూ చెప్పను.

నికానోర్ మా ఊరు సాన్ రోకేలో ఫ్యాన్లు బాగుచేస్తాడు. మా ఎండలకు ఫ్యాను ఆగిన ఇల్లు ఇల్లే కాదు కాబట్టి అతను అడుగు పెట్టని గడప లేదు. మనిషి మహా పిరికి. కరెంటుతో చెలగాటమాడేవాడు, ఉరుము వినబడితే మాత్రం మంచం కింద దూరతాడు. అతని భార్య ఎనెయిదా పెళ్ళినాటి నుంచీ ఆ సంగతి వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పి నవ్వుతుంది. కానీ కార్నివాల్ పండగ వచ్చిందంటే నల్లంగీ తొడుక్కుని, అట్టముక్కతో చేసిన బిషప్పు టోపీ నెత్తిన పెట్టుకుని, లెతనియాలు, అంటే వెక్కిరింపు జపం, చదివేది అతనే. చర్చిలో జపం ఎలా సాగుతుందో అదీ అంతే. అతను చరణం చదువుతాడు, వెనక నిలబడ్డ మా బృందం బదులు పలుకుతుంది. పేర్లు మాత్రం పునీతులవి కావు. మేయర్లవి, కౌన్సిలర్లవి, తూకంలో చెయ్యివాటం చూపించే కొట్టువాళ్ళవి. కార్నివాల్ ఆదివారం నాడు మైదానంలో, మేయరు పందిరి ముందు చదవాలి. పేరు వచ్చినవాడు లేచి నిలబడి వినాలి, విని నవ్వాలి. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు. ఏడాదంతా మేం వాళ్ళ గుమ్మం ముందు నిలబడతాం, ఆ ఒక్కరోజు వాళ్ళు మా ముందు నిలబడతారు.

ఈ ఏటి చరణం నీళ్ళ గురించి. మేయరు రమీరో అబేయోని మేం డాక్టర్ రమీరో అంటాం. మా దగ్గర పదవిలో ఉన్న ప్రతివాడూ డాక్టరే, సూది పట్టుకోకపోయినా సరే. ఆయన మంచినీళ్ళ గొట్టాలకు మూడుసార్లు రిబ్బను కోశాడు. మూడుసార్లూ బ్యాండు వచ్చింది, బిషప్పు వచ్చాడు, నీళ్ళు రాలేదు. కొళాయి తిప్పితే పిల్లి చీదినట్టు గాలి వస్తుంది. గాడిదబండి ఎర్మోహెనెస్ తెచ్చి అమ్మే నీళ్ళే ఇప్పటికీ మాకు గతి. మేయరు బావమరిది పశువుల దొడ్లో ఫ్యాను బిగించడానికి వెళ్ళిన నికానోర్, కొత్త గొట్టం ఆవుల తొట్టిలోకి ధారగా పారడం కళ్ళారా చూసి వచ్చాడు. వచ్చి మా పెరట్లో సాధన చేస్తూ చదివాడు:

"మొదటి రిబ్బను కోసె, కొళాయి దగ్గింది,
రెండో రిబ్బను కోసె, కొళాయి తుమ్మింది,
మూడో రిబ్బను కోసె, బామ్మర్ది ఆవు తాగింది."

దానికి మా బదులు, "మా వంతు ఎప్పుడయ్యా, డాక్టర్ రమీరో?"

పడీ పడీ నవ్వాం. మా పెరటిగోడ ఎత్తు తక్కువ. చూస్తుండగానే ఊరంతా అదే పాట, బడికి పోయే పిల్లల నోట కూడా అదే. ఆ నవ్వు ఇంకా చల్లారకముందే పూజ వచ్చి పడింది.

డబ్బు కట్టింది ఎవరని చర్చిలో గంట కొట్టే తోబియాస్‌ని అడిగాను. ఎవడో హెల్మెట్ తియ్యకుండా వచ్చాడట. ఒక్క రోజుకు కాదు, తొమ్మిది సాయంత్రాలకూ కట్టాడట, ఏ రోజూ పేరు తప్పిపోకూడదని మరీ చెప్పి వెళ్ళాడట.  ఎనెయిదా పోలీసు స్టేషనుకు వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు కుర్చీ చూపించి, "పూజ చేయించడం నేరమా అమ్మా? ఎవరో మీ ఆయన మేలు కోరారు," అని మర్యాదగా పంపించేశాడు. అంతకన్నా నాలుగు తిట్టి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. ఆ మర్నాడు డాక్టర్ రమీరో బజారులో నికానోర్‌కి ఎదురై, భుజం మీద చెయ్యేసి, "ఆరోగ్యం జాగ్రత్త మేస్త్రీ," అన్నాడట. ఆ చెయ్యి పడిన చోట చొక్కా ఇంటికొచ్చేసరికి చెమటతో తడిసి ఉంది.

అప్పటి నుంచి నికానోర్ పనిబల్ల వీధి గుమ్మంలోంచి వెనక వంటగదిలోకి పోయింది. బాగుచేసిన ఫ్యానును తిప్పి చూడటం కూడా మానేశాడు. ఫ్యాను తిరిగితే మోటారుసైకిలు చప్పుడు వినబడదట. నిప్పులు చెరిగే ఎండలో, ఇంటినిండా ఫ్యాన్లు పెట్టుకుని, ఒక్కటీ తిప్పకుండా చెవులు రిక్కించి కూర్చునేవాడు. వీధిలో ఏ బండి చప్పుడైనా స్క్రూడ్రైవరు కింద పడేది. రొట్టెలు అమ్మేవాడి బండి కూడా మోటారుసైకిలే. ఆ పిచ్చివాడు రోజూ హారను కొడుతూ వచ్చేవాడు.

మా బృందం కూడా కరిగిపోయింది. ఒకడికి గొంతు పట్టేసింది, ఒకావిడకు ఉన్నట్టుండి కూతురు పురిటికొచ్చింది. ఆ కూతురికి పెళ్ళే కాలేదు. వాళ్ళని అనడానికి నా నోరు రాలేదు, ఎందుకంటే నాకూ సాకు దొరికితే బాగుండుననే ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా ఊళ్ళో అయితే కడుక్కోవడానికి నీళ్ళు కూడా లేవు.

బతికుంటే బలుసాకు తినొచ్చు, మా చెల్లెలి ఊరు పోదాం అని ఎనెయిదా బట్టలు సర్దింది. నికానోర్ నా దగ్గరకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వదినా, నేను చదవనని ఊరంతా చెప్పు," అన్నాడు. "ఆయన చెవిన పడేలా చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా."

బోయోల గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అదే చెప్పాను. మేయరు ఆఫీసు గుమ్మంలో గంప దింపి మరీ గట్టిగా చెప్పాను. నాకు సిగ్గుగానే ఉంది, కానీ అతని పిల్లకు బాప్తిస్మంలో జ్ఞానతల్లిని నేనే. ఆ సాయంత్రం చర్చిలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఫాదర్ మళ్ళీ చదివారు, "నికానోర్ చర్రిస్ ఆత్మశాంతి కొరకు." లొంగిపోయినా వదలరన్నమాట.  పారిపోయినా వెనకే వస్తారని ఎనెయిదాకు కూడా అప్పుడే అర్థమైంది.

పూజ కాగానే ఎనెయిదా తిన్నగా ఫాదర్ గదిలోకి నడిచింది, వెనకే నేను. ఇంకెప్పుడూ ఆ పేరు చదవొద్దంది. ఫాదర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. డబ్బు కట్టిన పూజ ఆపకూడదని ముందు అన్నారు. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించి, ఆ హెల్మెట్ మనిషి తనతో కూడా మాట్లాడి వెళ్ళాడని, తనకూ భయంగానే ఉందని చెప్పారు.   ఎనెయిదా ఆయనను తిడుతుందేమో అనుకున్నాను.

"అయితే నా పేరూ రాయండి," అంది. "మా ఆయన పేరు పక్కనే రాయండి. నేను లేకుండా ఆయన బజారుకే వెళ్ళలేడు, పైకి ఒక్కడే ఎలా వెళ్తాడు?"

మర్నాడు సాయంత్రం రెండు పేర్లూ పక్కపక్కనే వినబడ్డాయి. ఎనెయిదా తల దించుకోలేదు. నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంటికెళ్ళి పడుకుందామని లేచినదాన్ని, పూజకు పేర్లు రాసుకునే తోబియాస్ బల్ల దగ్గర ఎందుకు ఆగానో ఇప్పటికీ తెలియదు. ధైర్యం కాదు, ఒట్టు. ఆ ఇద్దరి పేర్లూ అలా ఒంటరిగా వినబడుతుంటే వినలేకపోయాను, అంతే. "ఫిదెలినా ఒస్పినో అని రాయి," అన్నాను. నా వెనకాల ఎర్మోహెనెస్ నిలబడి ఉన్నాడు. గాడిద పేరు కూడా రాయొచ్చా అని అడిగాడు వెధవ, నవ్వించడానికి. ఎవరూ నవ్వలేదు. 

ఆ తర్వాత చెప్పేదేముంది. గొంతు పట్టేసినవాడు వచ్చి రాయించుకున్నాడు, పెళ్ళికాని కూతురి పురుడు పోసిన ఆవిడా వచ్చింది. రోజురోజుకూ జాబితా పెరిగింది. ఎవరి గొంతులోనూ ధైర్యం లేదు. గుసగుసగా పేరు చెప్పి, వెనక్కి చూసుకుంటూ ఇళ్ళకు పోయేవాళ్ళు. భయం పోయిందని నేననను. పెద్ద మూట ఒకడి నెత్తిన ఉంటే మెడ విరుగుతుంది, నలుగురూ తలో కొంచెం మోస్తే నడవగలుగుతారు.

కార్నివాల్ ముందు జరిగే పెద్ద పూజకు మేయర్లు రావడం రివాజు. డాక్టర్ రమీరో ముందు బెంచీలో తల్లి పక్కన కూర్చున్నాడు. ఆవిడ పేరు తెయోలిందా, మర్యాదకు దోన్యా అంటాం. కొడుకు మేడకు రానని పాత వీధిలోనే ఉండిపోయిన పెద్దావిడ, ఏనాడూ పూజ మానదు. ఫాదర్ పేర్లు చదవడం మొదలుపెట్టారు. నికానోర్ చర్రిస్. ఎనెయిదా. ఫిదెలినా ఒస్పినో. చదివిన ప్రతి పేరూ అక్కడే కూర్చుని బతికి ఉంది, బతికుండి బదులు పలుకుతోంది. మొదట్లో మా గొంతులు పీలగా ఉన్నాయి. పేర్లు పెరిగేకొద్దీ పెరిగాయి. మేయరు మెడ మీద చెమట నాకు వెనక నుంచి కనబడుతోంది. చిట్టచివర ఫాదర్ ఆగి, కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివారు.

"తెయోలిందా అబేయో ఆత్మశాంతి కొరకు."

బదులు ఎవరూ పలకలేదు. మేయరు తల్లి వైపు తిరిగాడు.

"ఏంటమ్మా ఇది?"

పెద్దావిడకు చెవుడు, అందుకే ఎప్పుడూ గట్టిగా మాట్లాడుతుంది. "ఎవరి పేరుతో మొదలుపెట్టావో నాకు తెలీదురా," అంది. "ఎవరి పేరుతో ఆపాలో చెబుతున్నా."

ఆదివారం మధ్యాహ్నం నికానోర్ నల్లంగీ వేసుకున్నాడు. వద్దని ఎవరం అనలేదు, వెళ్ళమనీ అనలేదు. మైదానం నిండిపోయింది. ఇంత జనంలో ఎవడి చేతిలో ఏముందో ఎవడికి తెలుసు? నేను అతని భుజం దగ్గరే నిలబడి కనబడిన ప్రతి హెల్మెట్‌నూ చూస్తున్నాను. పందిరిలో డాక్టర్ రమీరో లేచి నిలబడ్డాడు, పక్కన వాళ్ళమ్మ కుర్చీలో ఉంది. నికానోర్ నోరు తెరిచాడు. "మొదటి..." అన్నాడు. అంతే, ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. భయంతో గొంతు ఎండిపోయి శబ్దమే పుట్టడం లేదు. ఎక్కడో దూరంగా మోటారుసైకిలు ఒకటి స్టార్టయి వెళ్ళిపోయింది. నికానోర్ కళ్ళు మూసుకున్నాడు.

మేయరు మొహం విప్పారింది. పందిరి మెట్లు దిగివచ్చి, అందరికీ కనబడేలా రమ్ము సీసా ముందుకు చాపాడు. "గొంతు తడుపుకో మేస్త్రీ. మనమంతా ఒక ఊరివాళ్ళం."

నికానోర్ సీసా వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. గీరుకుపోయిన గొంతులోంచి ఒక్క మాట వచ్చింది.

"నీళ్ళు."

మేయరు అనుచరుల వైపు తిరిగాడు. పందిరి కింద రమ్ము ఉంది, బీరు పెట్టెలు కప్పు దాకా ఉన్నాయి. నీళ్ళు లేవు.   డాక్టర్ రమీరో ఆచారం ప్రకారం నవ్వాడు. నవ్వింది ఆయన ఒక్కడే. నికానోర్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నీళ్ళివ్వండి డాక్టర్ గారూ," అని మళ్ళీ అడిగాడు, ఈసారి చివరి వరసకు కూడా వినబడేలా.