కిరాయి పడని జంగయ్య వెబ్‌సైటు

జంగయ్యకు కిరాయి అనే మాటే పడదు. పెళ్లిళ్లలో టెంట్‌హౌస్ కుర్చీలో కూర్చోడు. సైకిల్ వెనక సొంత కుర్చీ కట్టుకుని వెళ్తాడు. కొడుకు బరాత్‌కు కిరాయి గుర్రం వద్దని ఏకంగా గుర్రాన్నే కొన్నాడు. పెళ్లయ్యాక అది ఆయన ద్రాక్షతోటలో రెండు వరుసలు మేసేసింది. "మేస్తే మేసింది. సొంత గుర్రం!" అన్నాడు.

అప్పట్లో శంషాబాద్ బస్టాండు దగ్గర నాకు కంప్యూటర్ సెంటర్ ఉండేది. తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో జంగయ్య కుర్చీతో సహా దిగాడు.

"వరప్రసాద్ సారూ, దళారులు నా ద్రాక్షను సగం ధరకు అడుగుతున్రు. ఇగ వాళ్ల మొకం సూడ. బొంబాయి సేటు కంప్యూటర్ల తోట సూస్తడంట, నచ్చితే లారీ పంపుతడంట. నాకో వెబ్‌సైటు కావాలె."

"చేస్తానండీ. కానీ దాన్ని ఉంచడానికి ఎక్కడైనా చోటు తీసుకోవాలి. ఉచితంగా ఇచ్చేవాళ్లున్నారు. కాకపోతే పైన వాళ్ల ప్రకటనలు వేసుకుంటారు."

"నా పందిరి మీద ఇంకొకని బోర్డా? నడ్వది."

"అయితే షేర్డ్. ఒకే యంత్రంలో వందమంది సైట్లు."

"ఒక్క నల్లకు వంద బిందెలా? కొట్లాట నాతోని కాదు."

"డెడికేటెడ్ ఉంది. యంత్రమంతా మీకే."

"కాయితం ఎవని పేరు మీద?"

"కంపెనీదే."

"మరి కిరాయే గద!"

"పోనీ, మీ యంత్రాన్నే తీసుకెళ్లి వాళ్ల గదిలో పెట్టొచ్చు."

"నా బర్రెను వాని కొట్టంల కట్టి, కొట్టానికి కిరాయి కట్టాల్నా? గిదేం లెక్క సారూ?"

నాకు ఒళ్లు మండింది. ఎనిమిదేళ్లుగా నేనుండేది కిరాయి ఇంట్లోనే మరి.

ఆయన కంప్యూటర్ కొని, నేను చేసిన సైటును అందులోనే పెట్టించి, ఇంట్లో ఫోను తీగకే తగిలించాడు. ఊరంతటికీ అదొక్కటే ఫోను. నెట్ ఉన్నంతసేపూ అది మోగదు. నెట్ కలిపిన ప్రతిసారీ సైటుకు కొత్త నంబరు వచ్చేది. అది సేటుకు చెప్పడానికి నెట్ తీసి ఫోన్ చేసేవాడు. మళ్లీ కలిపితే నంబరు మారేది. రెండు రోజులు ఇదే తంతు. "నంబరు మెయిల్‌లో పంపండి మహానుభావా!" అని మొత్తుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నేనే వెళ్లి మెయిల్ పంపించాను. సేటు సైటు తెరిచాడు. మొదటి ఫొటో వెళ్లింది, రెండోది వెళ్తోంది. ఇంతలో పక్కింటి సత్తెమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, బిడ్డ కాన్పుకు దవాఖానల ఉన్నది. ఫోన్ చేస్తమన్నరు. నీ ఫోన్ మోగుతలేదేంది?"

జంగయ్య కంప్యూటర్‌కున్న తీగ పీకేశాడు.

"పది నిమిషాలు ఆగండి! పంటంతా దళారుల పాలవుతుంది!" అని అరిచాను.

"అయితే కానియ్ సారూ! ఆమె బిడ్డ కన్న ఎక్కువనా?"

కాసేపటికి ఫోను మోగింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. నేను కూడా సంతోషించాను, కాదనను. మళ్లీ మోగితే ఈసారి సేటు. సైటు ఏమైందని కోపంగా అడిగాడు.

"ఊర్ల పిల్ల పుట్టింది సేటూ! సోమారం సూడు!" అని ఈయన పెట్టేశాడు. తర్వాత నావైపు తిరిగాడు. "సారూ, ఆ షేర్డే తీస్కో. ఊరోళ్లకు ఫోను కావాలె."

"కిరాయి కదండీ?"

"కిరాయికుండేది ఫొటోలు. నేను కాదు!"

సోమవారం సైటు తెరుచుకుంది, బుధవారం లారీ వచ్చింది. తీరా అది కిరాయి లారీ అని తెలిసి జంగయ్య దాన్ని తోటలో అడుగు పెట్టనివ్వలేదు. పంటంతా రోడ్డు దాకా సొంత ఎడ్లబండి మీదే చేరవేశాడు. బండిలో పట్టని నాలుగు బుట్టలు, కిరాయి కూలీ వద్దని, నా నెత్తిన పెట్టాడు.