డాబా మీది చెవి

విమానాశ్రయం పక్కన ఇల్లున్నవాళ్లు డ్రోన్ ఎగరేయకూడదు. ఈ సంగతి నాకు డ్రోన్ కొన్నాక తెలిసింది. అది అటకెక్కింది. ఎగరేసే యోగం లేదు గనక ఎగిరేవాటిని వినడం మొదలుపెట్టాను.

అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు, వానకు తడవకుండా ఒక ప్లాస్టిక్ డబ్బా, దానికో మైకు. శంషాబాద్ దాటి మామిడిపల్లి వైపున్న మా ఇంటి డాబా మీద, పిట్టగోడకు బిగించాను. ఏ పిట్ట అరిచినా పేరు కనిపెట్టి, ఆ అరుపు దాచి, నా ఫోనుకు కబురు పంపుతుంది. పిచ్చుక, గోరింక, కోయిల. విమానం దిగేటప్పుడు మాత్రం దాని మతి పోతుంది. ఒకసారి విమానాన్ని గుడ్లగూబ అని రాసింది.

అమ్మ దానికి చెవి అని పేరు పెట్టింది. "పక్కింటోళ్ల ముచ్చట్లు గిట్ల వింటదా ఏంది?" అని అడిగి, వినదంటే కాస్త నిరాశపడింది.

దాని లెక్క ప్రకారం తెల్లవారగానే మా ఇంట్లో అరిచే మొదటి పిట్ట కాకి. తనకెంత నమ్మకమో కూడా అది రాస్తుంది; కాకి పక్కన ఎప్పుడూ "ఖాయం" అని ఉండేది. ఆ అరుపులను నేనెన్నడూ విప్పి వినలేదు. కాకి అరుపు తెలియనిదెవరికి?

బాపు ఆ వేళకే డాబా ఎక్కి రాత్రి మిగిలిన బువ్వ కాకులకు వేసేవాడు. పొలం ప్లాట్లయ్యాక ఆయన సాకడానికి మిగిలినవి అవే. ఒకరోజు పొద్దున పొయ్యి మీంచి దింపిన వేడి బువ్వే పట్టుకెళ్లాడు. అమ్మకు మండింది. "ఇంట్ల మనుషుల కంటె కాకులే ఎక్కువైనయా నీకు? పో, వాటితోనే ఉండుపో," అంది. ఆయన నవ్వాడు. ఆ మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదు.

మర్నాడు తెల్లవారగానే ఫోను మోగింది. కాకి. కానీ పక్కన "అనుమానం" అని ఉంది. కాకి విషయంలో ఏనాడూ అనుమానపడని మిషను అప్పుడే ఎందుకు అనుమానపడిందో తోచలేదు, తోచేంత ఓపికా లేదు.

తర్వాతి పొద్దున కూడా అదే. ఈసారి లేచి డాబా ఎక్కాను. కాకి లేదు, మనిషి లేడు. పిట్టగోడ మీద బాపు స్టీలు గిన్నె ఉంది, నిండా బువ్వ. చావింట్లో పొయ్యి వెలిగించరు. మా ఇంట్లో వంట ఆగిపోయి చుట్టాల ఇళ్లనుంచి తిండి వస్తోంది. గిన్నె అంచు ఇంకా తడిగా ఉంది. దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని, తీగలనూ చిప్పులనూ నమ్ముకున్నదాన్ని, గిన్నెను ముట్టకుండానే కిందికి దిగాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆ గిన్నె మాట నేనెవరికీ చెప్పలేదు.

అదే మూడో దినం. పిట్టకు పెట్టాలి. పోయినవాడికి ఇష్టమైనవి విస్తరిలో పెట్టి అందరూ దూరం జరుగుతారు. కాకి ముట్టిందా, ఆయనకు ఏ కొరతా లేదు. ముట్టలేదా, మనసులో ఏదో ఉంచుకునే పోయాడు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు.

"ఆడు రోజు ఏసే జాగలనే పెడదాం," అన్నాడు పెద్దబాపు, మా బాపుకు అన్న. డాబా మీదే పెట్టాం. బువ్వ, మటన్ కూర, కల్లు, బీడీ కట్ట. ఎండ ఎక్కింది. విమానాలు పొట్టలు చూపిస్తూ ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. వాటి నీడలు విస్తరి మీంచి జారిపోతున్నాయి. కాకి నీడ మాత్రం లేదు.

"తమ్మీ, ఏం ఫికర్ వెట్టుకోకు. నీ బిడ్డ పెండ్లి మేం జేస్తం. జర ముట్టు," అని పెద్దబాపు ఆకాశానికి దండం పెట్టాడు. నన్నడక్కుండానే నా పెళ్లిని బేరంలో పెట్టారు. అయినా కాకి రాలేదు.

"నా మీదనే కోపం," అంది అమ్మ. "వాటితోనే ఉండుపో అన్న. గందుకే రాడు." చెంగు నోట్లో కుక్కుకుంది. ఆమె పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆ కాకి రాకపోతే ఈ మనిషి ఇక తినదని నాకు భయం పట్టుకుంది.

కాకులు కాకి అరుపుకు వస్తాయి కదా అనిపించింది. నా దగ్గర నెలల తరబడి దాచినవి ఉన్నాయి. "ఖాయం" అని ఉన్న ఒక పాత అరుపు తీసి, స్పీకరు విస్తరి పక్కన పెట్టి, గట్టిగా వినిపించాను.

కావ్. కావ్. కావ్.

ఆ వెంటనే దగ్గు. పొడి దగ్గు, బీడీల దగ్గు. డాబా మీదున్న వాళ్లందరికీ ఆ దగ్గు తెలుసు. పెద్దబాపు దిగ్గున లేచాడు. ఇన్ని నెలలూ నా మిషను కాకి అని రాసింది మా బాపును.

"జల్ది తినుండ్రి," అంది విస్తరి పక్కన బాపు గొంతు, రహస్యం చెబుతున్నట్టు. "మీ అమ్మ లేసిందంటె మనందర్ని ఎల్లగొడ్తది." తర్వాత చిన్నగా నవ్వు.

అమ్మ ఒక్కతే లేచి స్పీకరు ముందుకెళ్లి కూర్చుంది. "రెండు పొద్దుల సంది నేను పిలుస్తనే ఉన్న," అంది, మాతో కాదు, దానితో. "నీ లెక్కనే పిలిచిన. ఒక్కటి రాలే." ఆ తడి గిన్నె, ఆ "అనుమానం" ఎవరివో అప్పుడు తెలిసింది నాకు.

నీళ్ల ట్యాంకు మీద ఒక కాకి వాలింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఒక్కటీ అరవలేదు. మెడలు వంచి చాలాసేపు ఆ స్పీకరునే చూశాయి. చివరికి ఒకటి దిగి కూర ముక్క ముట్టింది.

"గిట్ల పిలిస్తె చెల్లుతదా?" అని ఎవరో గొణిగారు.

"పిలిచింది ఆడే గద," అన్నాడు పెద్దబాపు. ఆ రోజు అమ్మ బువ్వ తిన్నది.

మిషను తప్పును నేను దిద్దలేదు. అమ్మ ఇప్పుడు రోజూ తెల్లవారగానే డాబా ఎక్కి, ఆయనలాగే పిలుస్తుంది. కిందికొచ్చి, "ఏం రాసింది నీ చెవి?" అంటుంది. కాకి అని రాసిందంటాను. "నేనొక్కదాన్నేనా?" అంటుంది. నువ్వొక్కదానివే అంటాను. మిషనుకు వినడం అలవాటై ఆమె పిలుపు పక్కన కూడా మెల్లగా "అనుమానం" పోయి "ఖాయం" అని రావడం మొదలైంది.

మొన్న పొద్దున ఆ వేళకు పిలుపులు రెండు వచ్చాయి. రెండూ ఖాయం. మొదటిది విప్పితే అమ్మ గొంతు. రెండోది విప్పబోతుంటే మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడైంది. ఫోను పక్కన పెట్టి, ఎప్పటిలా అడిగితే ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూ నిలబడ్డాను.

ఆమె అడగలేదు. ఖాళీ గిన్నె కడిగి బోర్లించింది.

"రేపటి సంది ఇంకో పిడికెడు బియ్యం ఎక్కువ పొయ్, బిడ్డా," అంది.