పరదేశపు తీర్పు, ఎడపల్లి పిల్ల

నిన్న నిజామాబాద్ బస్టాండులో పక్కనున్న పెద్దాయన జర్దా పాన్ విప్పగానే, ఆ ఘాటు వాసనకు మా సీనియర్ వకీలు రాఘవరావు గారు గుర్తొచ్చారు. ఆయన వెంటే యాదగిరీ జ్ఞాపకంలోకి వచ్చాడు, పిలవకపోయినా. పందొమ్మిదివందల అరవైల్లో నేనూ యాదగిరీ ఆయన దగ్గర జూనియర్లం. చట్టం నాకే బాగా కంఠతా వచ్చు. అయినా సార్ ముందు పిలిచేది యాదగిరినే. నాకు ఒళ్లు మండిపోయేది.

అప్పుడొచ్చింది లక్ష్మి కేసు. బోధన్‌లో చక్కెర మిల్లు పని నేర్చిన భర్తతో ఆఫ్రికా వెళ్లి, కాపురం చెడి, కూతురితో ఎడపల్లిలోని పుట్టింటికి చేరిందామె. పిల్లను తండ్రికి అప్పగించాలని అక్కడి కోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు పట్టుకుని అతను మన జిల్లా కోర్టుకెక్కాడు.

ఏ కేసైనా ముందు ఇల్లు చూడాలి, తర్వాతే ఫైలు విప్పాలి. అది సార్ పద్ధతి. యాదగిరీ నేనూ ఎడపల్లి వెళ్లాం. నేను లక్ష్మిని కూర్చోబెట్టి తేదీలు రాసుకున్నాను. ఆరేళ్ల పిల్ల కాళ్లకు చెప్పులతోనే అన్నం తింటోంది. తల్లి బుద్ధులు నేర్పలేదనుకున్నాను. యాదగిరి మాత్రం ఆ పిల్ల పక్కన చతికిలబడ్డాడు.

"చెప్పులెందుకు ఇడ్సలే బిడ్డా?"

"బాపు మనుషులొస్తే చెరుకు తోటలకు ఉర్కాలె గద!"

సాయంత్రం నేను సార్‌తో, "పరాయి కోర్టుదైనా తీర్పు తీర్పే. మన చేతిలో ఏమీ లేదు" అన్నాను. యాదగిరి చెప్పుల సంగతి చెప్పాడు. సార్ పాన్ నమలడం ఆపారు.

"ఆ తీర్పు రాసినోళ్లు గీ పిల్ల తిప్పలు సూడలే. మన జడ్జి సూస్తడు. గంత వెసులుబాటు కానూన్ల ఉన్నది. యాదగిరీ, బహస్ నువ్వే చెయ్యి."

ఆ వాదన నాకు రావాల్సింది. కోర్టులో యాదగిరి లేచి నిలబడినప్పుడు నేను కోరుకున్నది చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పిల్ల ఓడెక్కి వెళ్లిపోయినా సరే, వాడు ఓడిపోవాలి.

జడ్జి గారు పిల్లను తన గదిలోకి పిలిచి చాలాసేపు మాట్లాడారు. ఆ దేశపు తీర్పును గౌరవిస్తాను గాని అది నా చేతులు కట్టెయ్యదు, నాకు పిల్ల మేలే ముఖ్యం అన్నారు. పిల్లను తల్లి దగ్గరే ఉంచి, తండ్రి వచ్చి చూసి వెళ్లొచ్చన్నారు. లక్ష్మి వెక్కివెక్కి ఏడ్చింది. సార్ నా మొహం చూశారు.

"ఏందయ్యా, మనం ఓడినట్టు కూసున్నవ్?"

నేను వంగి ఫైళ్లు సర్దుకున్నాను.

తర్వాత నేనూ జడ్జినయ్యాను. చట్టం నా విచక్షణకు వదిలిన ప్రతిచోటా, కలం పట్టేముందు, ఇందులో ఎవరు ఓడాలని నా మనసుకుంది అని నన్ను నేనే ప్రశ్నించుకునేవాణ్ణి. అలా దిద్దుకున్న తీర్పులు చాలానే ఉన్నాయి. అది ఆ రోజు సార్ అడిగిన ప్రశ్న పెట్టిన భిక్ష. అసూయ మాత్రం పోలేదు. ఆ రోజు కోర్టు మెట్లు దిగుతూ సార్ యాదగిరి భుజం మీద చెయ్యి వేసి నడిచారు. ఇద్దరూ కాలం చేశారు. ఆ చెయ్యి నా భుజం మీద పడలేదని ఈ వయసులోనూ నా కడుపు మండుతూనే ఉంది.